ఏ మ్యుటేషన్, డాక్టర్ గారూ?

తెల్లవారడానికి ఇంకా చాలా టైముంది. మీకు మెలకువ వచ్చింది. నొప్పేమీ లేదు. నోరు మాత్రం పిడచకట్టుకుపోయింది. లేచి కూర్చోగానే తల తిరుగుతుంది. గోడ పట్టుకుని బాత్రూమ్ దాకా వెళ్తారు.

లైటు వేసి చూస్తారు. మలం నల్లగా, జిగటగా ఉంది. వారం నుంచీ ఇంతే. రెండో అంతస్తు ఎక్కేసరికి ఆయాసం వస్తోంది. ఎండలు ముదిరాయి కదా, అందుకే అనుకున్నారు. కడుపు బరువుగా ఉంటే గ్యాస్ అనుకుని రోజూ పరగడుపున ఒక గోలీ వేసుకుంటున్నారు. మీ వయసు 42. సిగరెట్ లేదు, మందు లేదు. నాకేమవుతుందిలే అన్న ధీమా.

లేవబోతారు. చెవుల్లో హోరు. ఒళ్లంతా చల్లటి చెమట. గొళ్లెం కనిపిస్తూనే ఉంది. చెయ్యి అందదు. మోకాళ్లు వంగిపోతాయి. చెంపకు నేల తగులుతుంది.

"లే బిడ్డా, లే! ఏమైంది నీకు?"

అమ్మ తలుపు బాదుతోంది. ఎలాగో పాక్కుంటూ వెళ్లి గొళ్లెం తీస్తారు. ఆమె మీ తల ఒళ్లో పెట్టుకుని గ్లూకోజ్ నీళ్లు పోస్తుంది. రెండు గుక్కలు దిగాక కాస్త తేలికపడ్డట్టు ఉంటుంది. ఈ వేళప్పుడు హనుమకొండలో డాక్టర్లు ఎవరుంటారు, పొద్దున పోదాంలే అనిపిస్తుంది. మొదటి నిర్ణయం ఇదే. పడుకుంటారా, ఫోన్ తీస్తారా?

ఫోన్ తీయండి. ఆ నలుపు మీరు తిన్నదాని రంగు కాదు. కడుపులోనో, చిన్నపేగు మొదట్లోనో కారిన రక్తం యాసిడ్‌లో నాని, అరిగి, కిందికి దిగేసరికి అలా నల్లబడుతుంది. వారం రోజులుగా మీకు తెలియకుండానే రక్తం పోతోంది. 108 నొక్కండి.

అంబులెన్సులో కుర్రాడు మీ వేలికి క్లిప్పు తగిలిస్తాడు. నాడి 128. పై బీపీ 84. నమ్మకం కలగక మళ్లీ చూస్తాడు. మళ్లీ 84. ముందుకు వంగి డ్రైవర్‌తో, "అన్నా, జర జల్ది పోనీ" అంటాడు. మీకు వినిపిస్తుంది. భయం అప్పుడు మొదలవుతుంది.

ఆస్పత్రిలో హిమోగ్లోబిన్ 5.8. ఒక చేతికి సెలైన్, ఇంకో చేతికి రక్తం. రెండో బాటిల్ ఎక్కాక మిమ్మల్ని ఎండోస్కోపీ గదిలోకి తీసుకెళ్తారు. ఎడమ పక్కకు తిరిగి పడుకోమంటారు. గొంతులో చేదుగా స్ప్రే కొడతారు. పళ్ల మధ్య ప్లాస్టిక్ రింగు పెడతారు. వేలంత గొట్టం లోపలికి దిగుతుంది. డోకు వస్తుంది. "మింగండి, మింగండి, అయిపోయింది" అంటోంది నర్సు. కళ్లలో నీళ్లు తిరుగుతుండగానే మీరు తెర వంక చూస్తారు.

గులాబీ రంగు గోడ. దాని మీద నున్నటి ఉబ్బు. ఉబ్బు నడుమ చిన్న గుంట. ఆ గుంటలోంచి ఎర్రగా, సన్నగా ఊరుతోంది.

డాక్టరు ఒక లోహపు క్లిప్పు వేస్తాడు. ఆగలేదు. ఇంకోటి వేస్తాడు. ఆగింది. "ఇది మామూలు అల్సర్ కాదు" అంటాడు. "గోడ లోపల ఏదో పెరుగుతోంది. అది పైపొరను చించుకుని బయటికొచ్చింది." పైనుంచి చిన్న ముక్క గిల్లి బయాప్సీకి పంపుతాడు. నాలుగు రోజుల తర్వాత వచ్చిన రిపోర్టులో ఏమీ లేదని ఉంటుంది. ఇంట్లో అందరూ దండం పెట్టుకుంటారు. అప్పుడే దండం పెట్టకండి. గడ్డ పైపొర కింద కండరంలో ఉంది. గిల్లిన ముక్క పైపొరది. గడ్డను ఇంకా ఎవరూ ముట్టుకోనే లేదు.

సీటీ స్కాన్‌లో అసలు సంగతి కనిపిస్తుంది. కడుపు గోడలో 7 సెంటీమీటర్ల గడ్డ. చిన్నపేగు మీద ఇంకో మూడు, ఒక్కోటి 2 సెంటీమీటర్ల లోపు. ఫిల్మును వెలుతురుకు పట్టి చూస్తున్న డాక్టరు ఆ మూడింటి దగ్గర ఆగిపోతాడు. "హైదరాబాద్ వెళ్లండి. ఆలస్యం చేయొద్దు."

*

హైదరాబాద్‌లో ఈసారి గొట్టం చివర అల్ట్రాసౌండ్ ఉంటుంది. దాంతో గోడలోని పొరలన్నీ కనిపిస్తాయి. గడ్డలోకే నేరుగా సూది దించి కణాలు లాగుతారు. ఆ కణాలకు రెండు రంగు పరీక్షలు చేస్తారు. ఒకటి సీడీ117, రెండోది డాగ్1. రెండూ పాజిటివ్. గ్యాస్ట్రో ఇంటెస్టైనల్ స్ట్రోమల్ ట్యూమర్ అని రిపోర్టు. అక్కడందరూ దాన్ని జిస్ట్ అంటారు. ఏడాదికి పది లక్షల మందిలో పది, పదిహేను మందికి వచ్చే జబ్బు. మామూలు కడుపు క్యాన్సర్ వేరు, ఇది వేరు. దానికిచ్చే కీమో దీనికి పనిచేయదు.

మరి ఇదెక్కడి నుంచి వచ్చింది? ఒకసారి మీ అరచేయి పొట్ట మీద పెట్టుకోండి. లోపల నిమిషానికి మూడుసార్లు అల కదులుతోంది. చిన్నపేగు మొదట్లోనైతే నిమిషానికి 12 సార్లు. ఆ తాళం వేసే కణాలు గోడ కండరాల మధ్య వలలా అల్లుకుని ఉంటాయి. స్పెయిన్ శాస్త్రవేత్త సాంటియాగో రామోన్ ఇ కహాల్ పేరు మీద వాటిని కహాల్ కణాలంటారు. మీ గడ్డ ఆ జాతిది. ఆ కణాల మీద కిట్ అనే ప్రొటీన్ ఉంటుంది. బయటి నుంచి సంకేతం వస్తేనే అది పనిచేయాలి, కణాన్ని పెరగమనాలి. సంకేతం ఆగితే అదీ ఆగాలి. మీ గడ్డలో అది ఆగడం లేదు. పొలం దగ్గర బోరు మోటారు స్టార్టర్ ఇరుక్కుపోతే ఏమవుతుంది? ఎవరూ బటన్ నొక్కకపోయినా మోటారు రాత్రీ పగలూ నడుస్తుంది. కిట్‌కు వచ్చిన జబ్బు అదే.

1998లో జపాన్‌లోని ఒసాకాలో సెయిచి హిరోటా, యుకిహికో కితమురా బృందం దీన్ని పట్టుకుంది. జిస్ట్ గడ్డల్లో కిట్ జన్యువును చదివి చూస్తే ఐదింటిలో అక్షరాలు తప్పాయి. సంకేతం లేకుండానే కిట్ నడుస్తోంది. అప్పటిదాకా ఈ గడ్డలు ఎందుకు పుడతాయో ఎవరికీ తెలియదు.

ఇవన్నీ చెప్తూ చెప్తూ డాక్టరమ్మ మీ ఫైలు పక్కన పెడుతుంది.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా?"

"నాన్న పోయాడు మేడమ్. 46 ఏళ్లకు. కడుపులో గడ్డ పగిలిందన్నారు."

"రిపోర్టులున్నాయా?"

లేవు. ఆ నర్సింగ్ హోమ్ ఎప్పుడో మూతపడింది. కాగితాలు ఇల్లు మారినప్పుడు పోయాయి.

"మీ చేతులు చూపించండి."

ఇదేం అడగడం అనుకుంటూ టేబుల్ మీద చేతులు పెడతారు. వేళ్ల కణుపుల మీద నలుపు. మోచేతుల మీద, మెడ వెనక కూడా అంతే. ఎండలో తిరిగిన నలుపనుకున్నారు ఇన్నాళ్లూ. చిన్నప్పుడు ఒంటి మీద దద్దుర్లు వచ్చి గీరుకునేవారా అని అడుగుతుంది. గీరుకునేవారు. తినేటప్పుడు ముద్ద గొంతులో అడ్డం పడేవాళ్లు ఇంట్లో ఎవరైనా ఉన్నారా అంటుంది.

మేనత్త.

మేనత్త ప్రతి ముద్దకూ ఒక గుక్క నీళ్లు తాగుతుంది. పెళ్లి భోజనాల్లో బంతి లేచిపోయినా ఆమె విస్తరి ముందే కూర్చుని ఉంటుంది. చివరికి మజ్జిగ పోసుకుని అన్నం పలచగా పిసికి మింగుతుంది. నిదానంగా తినే మనిషని అందరూ అనుకుంటారు. ఆమె చేతులూ నాన్న చేతుల్లాగే నల్లన. "మా అన్నదీ నాదీ ఒకటే రంగు బిడ్డా" అని మురిసిపోయేది.

డాక్టరమ్మ తెల్లకాగితం తీసుకుని గీతలు గీస్తుంది. తాతకు ఒక చతురస్రం, నాన్నకు ఒకటి, మేనత్తకు సున్నా. నాన్న చతురస్రాన్ని పెన్నుతో నల్లగా నింపుతుంది. కింద మీ గుర్తు. దాన్నీ నింపుతుంది. పక్కన చెల్లిది ఖాళీగా ఉంది. మీ పిల్లలిద్దరివీ ఖాళీగా ఉన్నాయి. మీ కళ్లు ఆ ఖాళీల మీదే ఉంటాయి.

చర్మం రంగుకూ కడుపులో గడ్డకూ ఏంటి సంబంధం? కిట్ ఒక్క కహాల్ కణాలకే పరిమితం కాదు. చర్మానికి రంగునిచ్చే కణాలకూ, దద్దుర్లు లేపే మాస్ట్ కణాలకూ అదే కావాలి. మామూలు జిస్ట్‌లో తప్పు ఒక్క గడ్డలోనే పుడుతుంది, పక్క కణంలో ఉండదు. అందుకే అది పిల్లలకు పోదు. మీలాంటి అరుదైన కుటుంబాల్లో ఆ తప్పు తండ్రి నుంచో తల్లి నుంచో వచ్చి, పుట్టుకతోనే ఒంట్లోని ప్రతి కణంలోనూ ఉంటుంది. అందుకే నలుపు, అందుకే దద్దుర్లు, అందుకే మింగలేకపోవడం, అందుకే ఒకటి కాకుండా నాలుగు గడ్డలు. ఒసాకా గడ్డల సంగతి బయటపడిన 1998లోనే తోషిరో నిషిదా బృందం ఇలాంటి ఒక జపాన్ కుటుంబాన్ని గుర్తించింది. తర్వాత ప్రపంచమంతా కలిపి కొన్ని పదుల కుటుంబాలు బయటపడ్డాయి. బయటపడనివి ఇంకా ఉంటాయని నా నమ్మకం. మీ నాన్నలాంటి వాళ్లు "కడుపులో గడ్డ" అన్న రెండు మాటలతోనే వెళ్లిపోయారు.

"గడ్డకు జన్యు పరీక్ష చేయిద్దాం. తర్వాత మీ రక్తానికి కూడా" అంటుంది డాక్టరమ్మ. మూడు వారాలు పడుతుందట.

బయటికి రాగానే బంధువులు చుట్టుముడతారు. జబ్బేంటో తెలిసింది కదా, గోలీ ఉందంటున్నారు కదా, మళ్లీ ఈ టెస్టులెందుకు, డబ్బు దండగ. ఆ మాట మీకూ సబబుగానే తోస్తుంది. రెండో నిర్ణయం. పరీక్ష చేయించకుండానే గోలీ మొదలుపెడతారా?

ఇలాంటి క్లినిక్‌లో మీ పక్క కుర్చీల్లో ఎవరెవరు ఉండొచ్చో చూసి అప్పుడు చెప్పండి. ఎడమ పక్కన 19 ఏళ్ల అమ్మాయి. కడుపు గోడలో నాలుగైదు గడ్డలు. రిపోర్టులో ఆమెదీ జిస్టే. కానీ ఆమె కిట్ జన్యువు శుభ్రంగా ఉంది. ఎస్‌డీహెచ్ అనే వేరే జన్యు కుటుంబంలో తప్పుంది. మీరు వేసుకోబోయే గోలీ ఆమెకు దాదాపు పనిచేయదు. పైగా మెడలో, ఛాతీలో పారాగాంగ్లియోమా అనే ఇంకో రకం గడ్డ ఉందేమోనని ఆమెకు విడిగా వెతకాలి. కుడి పక్కన యాభై దాటిన మనిషి. ఒంటి నిండా కాఫీ రంగు మచ్చలు, మెత్తటి బొడిపెలు. అది న్యూరోఫైబ్రోమటోసిస్, 17వ క్రోమోజోమ్‌లోని ఎన్ఎఫ్1 జన్యువు దోషం. చిన్నపేగులో జిస్ట్‌లు తెస్తుంది. ఆయనకూ ఆ గోలీతో పెద్దగా లాభం లేదు. ఎదుటి కుర్చీలో ఉన్నాయన గడ్డలో తప్పు కిట్‌లో కాదు, దాని పక్కింటి జన్యువు పీడీజీఎఫ్ఆర్ఏలో, డి842వి అనే చోట. ఆయనకూ అది పనిచేయదు. ఆయన మందు వేరు, పేరు అవాప్రిటినిబ్. అమెరికా ఎఫ్‌డీఏ దానికి 2020 జనవరిలో అనుమతిచ్చింది. వెనక వరసలో నిలబడ్డ ఆమెకు కిట్‌లోనే తప్పుంది గానీ ఎక్సాన్ 9లో. అదే గోలీ, మోతాదు మాత్రం సాధారణంగా రెండింతలు, 800 మిల్లీగ్రాములు.

అందరి రిపోర్టు మీదా రాసిన జబ్బు పేరు ఒకటే. అందుకే జిస్ట్ అని మాత్రమే రాసిన రిపోర్టును నేను సగం రిపోర్టు అంటాను. పరీక్షకు ఒప్పుకోండి.

*

రిపోర్టు ఇంకా రాలేదు. పదకొండో రోజు రాత్రి, ఆస్పత్రి మంచం మీద.

కడుపులో వేడిగా ఏదో కదులుతుంది. నోట్లో ఇనుప రుచి. వాంతి. ఎర్రగా. బేసిన్ సగం నిండింది.

నర్సు పరుగెత్తుతుంది. క్లిప్పు ఊడింది. బీపీ 70. ఇంకా రక్తం కావాలి. బయట మీ స్నేహితులిద్దరు చొక్కా చేతులు మడుస్తున్నారు.

సర్జన్ మీ మంచం పక్కకు వస్తాడు. "ఆపరేషన్ తప్పదు. ఇప్పుడే." కాగితం ముందు పెడతాడు. "ఒక్క మాట. గడ్డ పగలకుండా తీయాలి. పగిలితే కణాలు పొట్టంతా చల్లుకుంటాయి. మళ్లీ ఎక్కడెక్కడో మొలుస్తాయి. జాగ్రత్తగానే తీస్తాను. కానీ రక్తం కారుతున్న గడ్డ మెత్తగా ఉంటుంది."

మీకు నాన్న గుర్తొస్తాడు. పగిలింది. అదే అన్నారు.

పెన్ను. చెయ్యి వణుకుతోంది. సంతకం.

ట్రాలీ. పైన లైట్లు పోతున్నాయి. చల్లటి గది. మాస్కు. "గట్టిగా ఊపిరి తీసుకోండి." ఒకటి. రెండు.

కళ్లు తెరిచేసరికి ముక్కులో గొట్టం, పొట్ట మీద బరువు. సర్జన్ గొంతు: "చెక్కు చెదరకుండా వచ్చింది." కడుపు గోడలో గడ్డ ఉన్న ముక్కను మాత్రం కోసి తీశాడు. పేగు మీది మూడు చిన్నవాటినీ వదిలేశాడు. ఎందుకు వదిలేశారని అడుగుతారు. "మీ రక్తంలోనే ఆ తప్పుంటే ఎన్ని తీసినా కొత్తవి వస్తాయి. ఎంత పేగని కోస్తాం? వాటి సంగతి గోలీ చూసుకోవాలి."

రిపోర్టు వస్తుంది. కిట్ జన్యువు, ఎక్సాన్ 11, 559వ స్థానం. గడ్డలోనూ అదే, రక్తంలోనూ అదే. నాన్న దగ్గర్నుంచి వచ్చింది. పుట్టుకతోనే ఉంటే 42 ఏళ్లు ఏం చేసింది? ఈ ఒక్క తప్పుతోనే గడ్డ కట్టదు. కహాల్ కణాలు ఒత్తుగా పెరుగుతూ ఉంటాయి. ఏళ్ల మీద ఏదో ఒక కణం 14వ క్రోమోజోమ్‌లో ముక్క పోగొట్టుకోవడం లాంటి ఇంకో దెబ్బ తింటే అప్పుడు అది గడ్డ దారి పడుతుంది. అందుకే ఇలాంటి కుటుంబాల్లో సాధారణంగా నడివయసులో బయటపడుతుంది.

ఇక గోలీ. దాని పేరు ఇమాటినిబ్. రోజుకు 400 మిల్లీగ్రాములు, భోజనం మధ్యలోనో, అయిన వెంటనేనో, నిండు గ్లాసు నీళ్లతో. స్టార్టర్ ఇరుక్కున్న మోటారును ఆపాలంటే కరెంటు తీసేయాలి కదా. కిట్‌కు కరెంటు ఏటీపీ అనే అణువు నుంచి వస్తుంది. ఆ అణువు వచ్చి కూర్చునే గూట్లో ఇమాటినిబ్ ముందే వెళ్లి కూర్చుంటుంది. ఎదుటి కుర్చీ ఆయనకు పనిచేయకపోవడానికి కారణం ఆ గూడు ఆకారమే మారిపోయి మందు పట్టకపోవడం.

మొదటి గోలీ అరచేతిలో పెట్టుకుని కూర్చున్నారు. ఇది ఎవరికైనా పనిచేసిందా అసలు? 2000 మార్చి నెలకు, ఫిన్లాండ్‌లోని హెల్సింకీకి వెళ్దాం. యాభై దాటిన ఒక మహిళ. 1996లో కడుపులో జిస్ట్ తీశారు. కాలేయంలోకి పాకింది. మళ్లీ మళ్లీ ఆపరేషన్లు. కీమో ఇచ్చారు, పనిచేయలేదు. ఇంకేవో ప్రయోగాలు చేశారు, అవీ పనిచేయలేదు. డాక్టర్ హెయిక్కి యోయెన్సు ముందు రెండే దారులున్నాయి. చేతులెత్తేయడం, లేదా రక్త క్యాన్సర్ కోసం పరీక్షిస్తున్న ఒక మందును అడిగి తెచ్చుకోవడం. జిస్ట్ ఉన్న మనిషికి ఆ మందు అంతకుముందు ఎవరూ ఇవ్వలేదు. ఆయన ఇచ్చాడు. రోజుకు 100 మిల్లీగ్రాముల క్యాప్సూల్స్ నాలుగు. నెల తిరిగేసరికి పెట్ స్కాన్‌లో గడ్డలు మెరవడం మానేశాయి. ఆ ఒక్క మనిషి కథ 2001లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. 2002 ఫిబ్రవరిలో అమెరికా జిస్ట్‌కు ఇమాటినిబ్‌ను అనుమతించింది.

ఇక ధర. మందుల షాపులో స్ట్రిప్ చేతికి ఇస్తుంటే మీ గుండె దడదడలాడుతుంది. ఒకప్పుడైతే ఆగిపోయేదే. నోవార్టిస్ వాళ్ల గ్లీవెక్ నెలకు దాదాపు 1,20,000 రూపాయలు. హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మా 2003లో వీనాట్ పేరుతో ఇదే మందు తెచ్చింది. ఇలాంటి జెనరిక్‌లతో నెల ఖర్చు 8,000 నుంచి 10,000 రూపాయల దాకా దిగింది. పేటెంట్ కోసం నోవార్టిస్ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తెలిసిన మందుకే కొత్త రూపం ఇచ్చి, గుణం పెరిగిందని చూపించలేకపోతే పేటెంట్ లేదంటుంది మన చట్టంలోని సెక్షన్ 3(డి). 2013 ఏప్రిల్ 1న కోర్టు అదే చెప్పి అప్పీలు కొట్టేసింది. మీ చేతిలోని స్ట్రిప్ మీరు కొనగలిగే ధరలో ఉండటం వెనక ఆ తీర్పు ఉంది. మన ఊరి కంపెనీ ఒకటి ఆ పోరాటంలో నిలబడ్డందుకు నాకు గర్వంగా ఉంటుంది.

గోలీ మింగుతారు. వారం తిరిగేసరికి పొద్దున అద్దంలో కనురెప్పలు ఉబ్బి కనిపిస్తాయి. రాత్రుళ్లు పిక్కలు పట్టేస్తాయి. కొన్నాళ్లు వికారం. కొన్ని నెలల తర్వాత మీ వేళ్ల కణుపుల నలుపు కాస్త విడుతుంది. ఆశ్చర్యపోకండి. చర్మంలోని కిట్ కూడా ఆ మందు మాటే వింటోంది.

ఆరు నెలల స్కాన్‌లో పేగు మీది మూడూ సగానికి తగ్గాయి. ఇంటికొచ్చిన పెద్దమనిషి ఒకాయన, "తగ్గింది కదా, ఇంకెందుకు వేడి మందులు, మానెయ్. ఫలానా ఊళ్లో పసరు పోస్తారు" అంటాడు. మానకండి. గడ్డలు ఇంకా ఒంట్లో ఉన్నవాళ్లు మందు ఆపితే చాలామందిలో జబ్బు మళ్లీ లేచింది. ఫ్రాన్స్‌లో దీన్ని పరీక్షించి చూశారు. గడ్డ పూర్తిగా తీసేసి, తిరగబెట్టే ప్రమాదం ఎక్కువున్న మామూలు జిస్ట్‌కైతే మూడేళ్లు ఇస్తారు. మీకు మాత్రం పనిచేసినన్నాళ్లూ వేసుకోవాల్సిందే. ఎప్పుడో ఒకప్పుడు గడ్డ కొత్త తప్పు చేసి దీన్ని తప్పించుకోవచ్చు. అప్పటికి సునిటినిబ్, రెగోరఫెనిబ్, రిప్రెటినిబ్ ఉన్నాయి.

*

అన్నిటికంటే కష్టమైన నిర్ణయం ఇప్పుడు ఇంట్లోనే ఎదురవుతుంది.

"ఎవ్వరికీ చెప్పకు బిడ్డా" అంటుంది అమ్మ, గొంతు తగ్గించి. "చెల్లె బిడ్డకు సంబంధం కుదిరింది. వచ్చే నెల లగ్గం కోటు పెట్టుకున్నరు. రక్తంలో జబ్బని తెలిస్తే వాళ్లు వెనకకు పోతరు."

ఆమె భయం అబద్ధం కాదు. మన దగ్గర ఇలాంటి మాట ఒకటి బయటికి పోతే ఆ పిల్ల పెళ్లి ఆగిపోయే మాట నిజం. చెప్పకపోతే? చెల్లికి ఆ తప్పు ఉండే అవకాశం సగానికి సగం. ఉంటే, ఏదో ఒక రాత్రి ఆమె కూడా బాత్రూమ్‌లో పడిపోవచ్చు. గొళ్లెం తీసే మనిషి పక్కన లేకపోవచ్చు.

ఇంకో చిక్కుంది. చెల్లిని ఇచ్చింది మేనత్త కొడుక్కే. అమ్మ అడిగే ప్రశ్న మీ నోట్లోనూ ఉంది. మేనరికం వల్లే వచ్చిందా ఇది? కాదు. ఈ జబ్బు రావడానికి ఒక్క వైపు నుంచి ఒక్క తప్పు వస్తే చాలు. ఎవరిని చేసుకున్నా పిల్లలకు సగం అవకాశం ఉంటుంది. కానీ మీ ఇంట్లో చెల్లికీ రావచ్చు, మేనత్త నుంచి ఆమె కొడుకుకూ వచ్చి ఉండొచ్చు. ఇద్దరికీ ఉంటే పుట్టే ప్రతి బిడ్డకూ కనీసం ఒక తప్పు అందే అవకాశం నాలుగింట మూడు వంతులు. అందుకే ఇద్దరినీ చూడాలి.

చెప్పండి. నాలుగు గోడల మధ్య, కావాల్సిన వాళ్లకు మాత్రం, రిపోర్టు చేతికిచ్చి చెప్పండి. ఊరంతటికీ తెలియనక్కర్లేదు.

చెల్లి రెండు రోజులు మీతో మాట్లాడదు. మూడో రోజు మొగుణ్ని వెంటబెట్టుకుని వస్తుంది. ఇద్దరూ రక్తమిస్తారు. మేనత్తా ఇస్తుంది. మీ దగ్గర తప్పు ఏ స్థానంలో ఉందో ముందే తెలుసు కాబట్టి వాళ్లకు ఆ ఒక్క చోటే చూస్తారు. మేనత్తకు ఉంది. ఆమె కొడుకుకు లేదు. చెల్లికి ఉంది.

ఎమ్మారైలో చెల్లి చిన్నపేగు మీద ఒక గడ్డ, 1 సెంటీమీటరు. నొప్పి లేదు, రక్తం పోవడం లేదు. గోలీ ఇప్పుడే మొదలుపెట్టాలా అని ఆమె అడుగుతుంది. లక్షణాల్లేని వాళ్లకు ముందుజాగ్రత్తగా మందు ఇవ్వడం ఇంకా స్థిరపడిన వైద్యం కాదు. మందుకూ బాధలున్నాయి, గర్భం దాల్చాలనుకునే వాళ్లకు అది పనికిరాదు. స్కాన్‌లతో కనిపెట్టి చూస్తూ, హిమోగ్లోబిన్ పరీక్షించుకుంటూ, పెరిగితే తీయించుకోవడం ఇప్పటికి ఆమె దారి. ఆమె కూతురికి 22 ఏళ్లు. పరీక్ష చేయించుకోవాలా వద్దా, పెళ్లికి ముందా తర్వాతా అన్నది ఆ అమ్మాయి తేల్చుకోవాల్సిన విషయం. మీ ఇద్దరు పిల్లల సంగతి జన్యు సలహా ఇచ్చే డాక్టరుతో కూర్చుని మాట్లాడుకోవాలి. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగమే ఉంది.

ఇప్పుడు ఈ పేజీ చదువుతున్న మీతో, నిజంగా మీతో ఒక మాట. మీకు గానీ మీ వాళ్లకు గానీ జిస్ట్ అన్నారంటే, ప్రాణం మీదికొచ్చిన అత్యవసరం కాకపోతే మొదటి గోలీ వేసుకునే ముందే "ఏ మ్యుటేషన్, డాక్టర్ గారూ?" అని అడగండి. గడ్డలు ఒకటి కంటే ఎక్కువున్నా, చిన్న వయసులో వచ్చినా, ఇంట్లో ఇంకొకరికి ఉన్నా, ఒంటి మీద నలుపో కాఫీ రంగు మచ్చలో ఉన్నా, రక్తంలో కూడా చూడమనండి. గడ్డ పరీక్ష ఒక్కదానితో అది వారసత్వమో కాదో తేలదు. ఆపరేషన్ అయ్యాక గడ్డ ముక్కను మైనంలో పోసిన బ్లాక్ ఆస్పత్రి ల్యాబ్‌లో ఉంటుంది. దాని నంబరు రాసిపెట్టుకోండి, రిపోర్టుల జిరాక్సులు ఇంట్లో ఇద్దరి దగ్గర ఉంచండి. మీ తర్వాత ఆ కాగితం అవసరమయ్యేది మీ పిల్లలకే.